బైజాంటైన్ కంచు నాణెం చేతికొస్తే ముందు బొరుసు చూడండి

బైజాంటైన్ అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా నడిచిన తూర్పు రోమన్ సామ్రాజ్యం. దాని కంచు నాణెం మొదటిసారి చేతికొచ్చినప్పుడు అందరం చేసే పని ఒకటే, బొమ్మ వైపు తిప్పి ఈ మొహం ఎవరిదబ్బా అని కళ్ళు చికిలించుకుని చూడటం. అక్కడే దెబ్బతింటాం. ఆరో శతాబ్దం వచ్చేసరికి చక్రవర్తి పోలికలు అచ్చులో దించాలన్న ఆలోచనే దాదాపు పోయింది, కిరీటం పెట్టుకున్న గుండ్రటి తల, చుక్కల్లాంటి రెండు కళ్ళు, చేతిలో సిలువ దిగేసిన గోళం, అంతే. జస్టినియన్, మారిస్ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటారు. నేను మొదటి ఆర్నెల్లు మొహాలు చూసి పేర్లు రాసుకుంటూ పోయా, తర్వాత తీరిగ్గా చూస్తే సగం తప్పులు. ఇప్పుడు నా పద్ధతి ఒకటే, బొరుసు ముందు, బొమ్మ తర్వాత. బొరుసు మీద విలువ, ఊరు, సంవత్సరం, అచ్చు వేసిన విభాగం అన్నీ రాసిపెట్టి ఉంటాయి, మనం చదవడం నేర్చుకోవాలి అంతే. కనీసం ఆరు, ఏడు శతాబ్దాల నాణేలకి ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆ తర్వాత కొంచెం మారుతుంది, అది కూడా చెప్తా.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. గ్రాములో వందో వంతు చూపించే చిన్న డిజిటల్ తూకం, వ్యాసం కొలవడానికి కాలిపర్, 10 రెట్లు చూపించే భూతద్దం, ఒక టార్చ్. టార్చ్‌ని పైనుంచి కొట్టకండి, నాణేన్ని టేబుల్ మీద పెట్టి పక్కనుంచి, దాదాపు టేబుల్‌కి ఆనించినట్టు లైట్ వేసి నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడండి, అరిగిపోయి ఏమీ లేదనుకున్న చోట అక్షరాల నీడలు లేస్తాయి. ఫోటో తీసినా అంతే, లైట్ పక్కనుంచే రావాలి.

సరే, బొరుసు తిప్పారు. మధ్యలో పెద్ద అక్షరం ఉందా? ఎమ్ ఆకారంలో ఉంటే అది 40, కె అయితే 20, నిలువు గీత ఐ అయితే 10, ఈ లాంటిది అయితే 5. ఇవి గ్రీకు అంకెలు, ఆ రోజుల్లో గ్రీకులో అక్షరాలతోనే లెక్క రాసేవాళ్ళు. ఎమ్ అంటే మారిస్ అనో మనీ అనో అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఒక టైంలో నేనూ అనుకున్నా, ఒప్పుకుంటున్నా. 40 ఏంటి అంటే 40 నుమ్మీలు. నుమ్మస్ అంటే అంతకుముందు చలామణిలో ఉన్న చిన్న నాణెం, పది మిల్లీమీటర్లు కూడా ఉండని, బరువు ఒక గ్రాము లోపు ఉండే మెతుకంత ముక్క. కూరగాయలు కొనాలన్నా గుప్పెళ్ళు లెక్కపెట్టాల్సి వచ్చేది. 498లో అనస్తాసియస్ చక్రవర్తి దగ్గర ఖజానా చూసే పాఫ్లగోనియా అనే ప్రాంతం వాడైన జాన్ అనే అధికారి ఈ గోల తీర్చేశాడు, 40 నుమ్మీల విలువతో ఒక పెద్ద నాణెం, దాంట్లో సగం, పావు తీసుకొచ్చి విలువని అందరికీ కనపడేంత పెద్ద అక్షరంతో నాణెం మీదే వేయించాడు. 40 నాణేన్నే మనం ఫాలిస్ అంటాం. చాలామంది బైజాంటైన్ నాణేల చరిత్రని ఇక్కడినుంచే మొదలుపెడతారు, నాకూ అదే సబబు అనిపిస్తుంది, ఎందుకంటే చూడగానే అది రోమన్ నాణెంలా ఉండదు.

ఇక్కడ తూకం పనికొస్తుంది. అనస్తాసియస్ మొదట వేసిన ఫాలిస్ సుమారు 9 గ్రాములే, కలెక్టర్లు దీన్ని చిన్న మాడ్యూల్ అంటారు. 512లో బరువు రెట్టింపు చేశాడు, అప్పట్నుంచి 17, 18 గ్రాములు. కాబట్టి అనస్తాసియస్ పేరున్న ఎమ్ నాణెం తూకం వేస్తే 8, 9 దగ్గర ఆగిందంటే అది 498కీ 512కీ మధ్యది. ఒక్క తూకంతో తేదీ అంత దగ్గరికి రావడం ఎంత బాగుంటుందో. కానీ జాగ్రత్త, 512 తర్వాతి సగం నాణెం కూడా అదే బరువుంటుంది, అందుకే అక్షరం, బరువు రెండూ కలిపి చూడాలి, ఒక్కదాన్ని నమ్ముకుంటే కుదరదు.

ఇప్పుడు అక్షరం చుట్టూ చూడండి. ఉదాహరణకి నా దగ్గరున్న ఒక నాణెం గురించి చెప్తా, 40 మిల్లీమీటర్ల పైన వెడల్పు, అరచేతిలో పెడితే బిస్కెట్టంత ఉంటుంది. మధ్యలో పెద్ద ఎమ్, దాని నెత్తిన సిలువ. ఎడమ పక్కన పైనుంచి కిందికి ఎ, ఎన్, ఎన్, ఓ అని నాలుగు అక్షరాలు, అంటే అన్నో, లాటిన్‌లో సంవత్సరం. కుడి పక్కన ఎక్స్, దాని కింద మూడు గీతలు, అంటే 13. ఎమ్ కాళ్ళ మధ్యలో చిన్న ఎ, ఇది టంకశాలలో ఏ విభాగం కొట్టిందో చెప్పే నంబర్, ఎ అంటే ఒకటోది. అడుగున గీత, గీత కింద ఎన్, ఐ, కె, అంటే నికోమీడియా. బొమ్మ వైపు ఇంకా చూడనే లేదు, అప్పుడే సగం కథ వచ్చేసింది, నికోమీడియా టంకశాల, ఒకటో విభాగం, 40 నుమ్మీలు, ఎవరో చక్రవర్తి పాలనలో 13వ ఏడు. ఇంత పెద్ద బిళ్ళ, 13వ ఏడు అంటే జస్టినియన్ తప్ప ఇంకొకరు కారు, ఆయన 527 ఏప్రిల్‌లో గద్దెక్కాడు కాబట్టి 13వ ఏడు 539 ఏప్రిల్ నుంచి 540 మార్చి దాకా. పదిహేను వందల ఏళ్ళనాటి చిల్లర డబ్బుకి పన్నెండు నెలల తేడాతో తేదీ చెప్పడం ఎక్కడ కుదురుతుంది చెప్పండి.

లెక్క ఎలాగంటే, గద్దెక్కిన సంవత్సరానికి పాలనా సంవత్సరం కలిపి ఒకటి తీసేయండి. రెండో జస్టిన్ 565 నవంబర్, మారిస్ 582 ఆగస్టు, ఫోకస్ 602 నవంబర్, హెరాక్లియస్ 610 అక్టోబర్. వీళ్ళ పాలనా సంవత్సరం ఏడాది చివర్లో మొదలవుతుంది కాబట్టి ఎప్పుడూ రెండు క్యాలెండర్ సంవత్సరాలు రాసుకోండి, హెరాక్లియస్ 20వ ఏడు అంటే 629-630 అని. రెండో టైబీరియస్ దగ్గర మాత్రం ఒక తిరకాసు ఉంది. ఆయన చక్రవర్తిగా ఉన్నది 578 నుంచి 582 దాకా, నాలుగేళ్ళే, కానీ నాణెం మీద 5, 6, 7, 8 ఇలా కనిపిస్తాయి. సీజర్, అంటే చక్రవర్తి తర్వాతి వారసుడు, అయిన 574 డిసెంబర్ నుంచి లెక్కపెట్టుకున్నాడు, అదీ సంగతి. నేను ఒకసారి దీని మీద 8 చూసి నకిలీ అని పక్కన పడేశా, మంచి నాణెం, వేరేవాళ్ళు ఎగరేసుకుపోయారు.

ఇంకో చిక్కు, 6 అనే అంకె. దాన్ని వి, ఐ అని రోమన్ పద్ధతిలో రాసింది కొన్ని చోట్లే, చాలా చోట్ల తోక ఉన్న ఒంటి గుర్తు వాడతారు, అది చూసి సి అనో జి అనో చదివేస్తాం. ఎక్స్ కింద ఆ తోక గుర్తు ఉంటే 16 అన్నమాట.

ఊర్ల గుర్తులు కొన్ని నోటికి వచ్చేస్తే పని తేలిక. సి, ఓ, ఎన్ అంటే కాన్‌స్టాంటినోపుల్, పదిలో సగం పైన ఇవే తగులుతాయి, కింద ఎమ్ కాళ్ళ మధ్య ఆల్ఫా నుంచి ఎప్సిలాన్ దాకా అయిదు విభాగాల్లో ఏదో ఒకటి ఉంటుంది. నికోమీడియాకి, సిజికస్‌కి రెండేసి విభాగాలు, ఆల్ఫా, బీటా అంతే, కాబట్టి సరిగ్గా కనపడని ఊరి పేరు పైన గామా ఉంటే ఈ రెండూ కొట్టేయొచ్చు. కె, వై, జెడ్ అంటే సిజికస్. టి, ఈ, ఎస్ అంటే థెస్సలోనికా. సి, ఎ, ఆర్ అంటే కార్తేజ్. అంటియోక్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. 526లో భూకంపం ఊరిని నేలమట్టం చేసింది, 528లో ఇంకోటి వచ్చింది, ఇక దేవుడే దిక్కు అన్నట్టు ఊరి పేరే థియోపోలిస్ అని మార్చేశారు, అంటే దేవుడి పట్టణం. నాణేల మీద కూడా అప్పటిదాకా అంటియోక్ అని ఉన్నది పోయి థియూపో, థియూప్ ఇలా రకరకాల పొడి అక్షరాలు వచ్చాయి. కాబట్టి ఆ పేరు చూడగానే 528కి ముందుది కాదు అని రాసేసుకోవచ్చు.

అలెగ్జాండ్రియా వేరే లోకం. అక్కడ 40, 20 లెక్క లేదు, 12 నుమ్మీల నాణెమే రాజ్యం. చిన్నగా, మందంగా, గుండీలా ఉంటుంది, బొరుసు మీద నిలువు గీత, బీటా, మధ్యలో సిలువ, కింద ఎ, ఎల్, ఈ, ఎక్స్. నిలువు గీత 10, బీటా 2, కలిపి 12. వీటి మీద సంవత్సరం ఉండదు. పర్షియన్లు ఈజిప్టుని పట్టుకున్న దశాబ్దంలో, అంటే 619 ప్రాంతం నుంచి 629 దాకా, ఇదే 12 నాణెం మీద తలకి ఒక పక్క నక్షత్రం, ఇంకో పక్క నెలవంక పెట్టి కొట్టారు, ఆ బొమ్మ ఖుస్రో రాజుదని చెప్తారు. అలాంటిది దొరికితే దాచుకోండి. థెస్సలోనికా కూడా జస్టినియన్ కాలంలో 16 నుమ్మీలు అని సొంత లెక్క నడిపింది, తర్వాత రెండో జస్టిన్ కాలంలో ఎక్కువగా కె నాణేలే వేసింది.

ఇప్పుడు బొమ్మ వైపు తిప్పండి. ముందు ఒకటే ప్రశ్న, తల పక్కకి తిరిగి ఉందా, మన వైపు చూస్తోందా? ముఖ్యమైన టంకశాలల ఫాలిస్‌ల మీద అయితే 538 అనే గీత గీసేయొచ్చు. అనస్తాసియస్, మొదటి జస్టిన్, జస్టినియన్ మొదటి పదకొండేళ్ళు, వీళ్ళందరిదీ పక్క చూపు. జస్టినియన్ 12వ ఏడు, అంటే 538-539లో, శిరస్త్రాణం పెట్టుకుని, ఒక చేతిలో సిలువ గోళం, భుజం దగ్గర డాలు పట్టుకుని నేరుగా మన కళ్ళలోకి చూసే బొమ్మ వచ్చింది, పాలనా సంవత్సరం వేయడం కూడా అప్పుడే మొదలు. ఆ ఏడాది, తర్వాతి ఒకటి రెండేళ్ళ నాణేలే అన్నిటికన్నా భారీవి, 22 నుంచి 25 గ్రాములు తూగేవి మామూలే. ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ ఏమంటాడంటే, అంతకుముందు డబ్బు మార్చేవాళ్ళు ఒక బంగారు నాణేనికి 210 ఫాలిస్‌లు ఇచ్చేవాళ్ళు, జస్టినియన్ కాలంలో దాన్ని 180కి దించారు అని, తిట్టడానికే చెప్పాడులెండి, ఆయనకి జస్టినియన్ అంటే పడదు. ఆ తర్వాత బరువు మళ్ళీ జారుకుంటూ వచ్చింది, మారిస్ కాలానికి ఫాలిస్ 11, 12 గ్రాముల దగ్గరుంది. బరువు జారడం అనేది ఒక గడియారంలా వాడుకోవచ్చు, ఖచ్చితంగా కాదు గానీ ఉరామరిగా.

బొమ్మ మీద మొదట్లో డి, ఎన్ ఉంటుంది, లాటిన్‌లో మా ప్రభువు అని, చివర పి, పి, ఎ, వి, జి అంటే శాశ్వత అగస్టస్, అంటే చక్రవర్తి, అని, మధ్యలోదే పేరు. జస్టిన్, జస్టినియన్ పేర్లు మొదట్లో ఒకేలా ఉంటాయి, కాబట్టి పేరు చివర చూడాలి, మధ్యలో అదనంగా ఎ, ఎన్ ఉంటే జస్టినియన్. అచ్చు పక్కకి పడి చివర కనపడకపోతే పక్క చూపు నాణేలని మొదటి జస్టిన్ లేదా జస్టినియన్ అని రాసుకోవడమే నిజాయితీ. రెండో జస్టిన్ మాత్రం ఎవరికైనా తెలుస్తాడు, భార్య సోఫియాతో కలిసి పక్కపక్కన సింహాసనం మీద కూర్చుని ఉంటాడు, చుట్టూ ఆయన పేరు ఒక్కటే ఉన్నా ఇద్దరు మనుషులు. పూర్తిగా అరిగినా ఆ రెండు బొమ్మల నీడ మిగులుతుంది.

టైబీరియస్ నుంచి ఎమ్ ఆకారం మారి చిన్నబడి గుండ్రటి చేతిరాత ఎమ్ కూడా వస్తుంది, 30 నుమ్మీలకి మూడు ఎక్స్‌లు కూడా ఈయనే వేశాడు. ఫోకస్ కాలానికి 40 అంటే నాలుగు ఎక్స్‌లు వరసగా. అంటియోక్‌లో ఈ ముగ్గురూ, అంటే టైబీరియస్, మారిస్, ఫోకస్, కాన్సుల్ అనే పాత రోమన్ పదవి వేషంలో కనిపిస్తారు, ఒక చేతిలో గుడ్డ ముడి, ఇంకో చేతిలో గద్ద వాలిన దండం, పైగా అక్కడి పనివాళ్ళకి లాటిన్ వచ్చినట్టు లేదు, మారిస్ పేరు చూస్తే అక్షరాలు కుప్పపోసినట్టు ఉంటాయి. అక్కడ పేరు చదవడం మానేసి కిరీటం చూడండి, నెత్తి మీద సిలువ ఉంటే టైబీరియస్, మూడు రేకుల పువ్వులాంటిది ఉంటే మారిస్. ఫోకస్‌కి కోసుగా గడ్డం ఉంటుంది, ఆ గడ్డం కాన్‌స్టాంటినోపుల్ నాణేల మీద కూడా అలాగే ఉంటుంది.

హెరాక్లియస్ దగ్గరికి వచ్చేసరికి ఆట మారిపోతుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. పర్షియాతో యుద్ధం, ఖజానా ఖాళీ, కొత్త బిళ్ళలు పోసే ఓపిక లేదు, అందుకని పాత నాణేలు తెచ్చి వాటి మీదే కొత్త అచ్చు కొట్టారు. నా దగ్గర మూడో ఏటి ఫాలిస్ ఒకటుంది, 612-613ది, హెరాక్లియస్, పక్కన చిన్నవాడైన కొడుకు నిలబడి ఉంటారు. ఎన్నాళ్ళో దాన్ని మామూలు నాణెంగానే చూశా. ఒక రాత్రి టార్చ్ పక్కనుంచి కొడుతూ నాణేన్ని పావు వంతు తిప్పితే తండ్రి మోకాళ్ళ మీదుగా అంచు వెంట ఎఫ్, ఓ, సి అని మూడక్షరాలు తేలాయి, ఫోకస్. హెరాక్లియస్ చంపించింది ఫోకస్‌నే. వెనక్కి తిప్పితే కొత్త ఎమ్ కాలు కింద పాత ఎక్స్ చెయ్యి ఒకటి వాలుగా బయటికి వచ్చి ఉంది. ఇలాంటి నాణెం చదివే కిటుకు ఏంటంటే, ఒకే దిక్కులో పెట్టి చూడొద్దు, ప్రతి పావు తిప్పుకీ ఆగి చూడండి, కొత్త బొమ్మకి సంబంధం లేని గీత ఏదైనా కనపడితే దాన్ని కాగితం మీద గీసుకోండి, రెండు మూడు గీతలు పోగయ్యాక పాత నాణెం దానంతట అదే బయటపడుతుంది. సిసిలీలో ఇంకో పద్ధతి, పాత ఫాలిస్ మీద చిన్న గుండ్రటి ముద్ర గుద్దేశారు, ఒక పక్క చక్రవర్తి తల, ఇంకో పక్క ఎస్, సి, ఎల్, ఎస్ అక్షరాలు. అచ్చు చెడిపోయిందనుకుని అలాంటివి వదిలేసేవాళ్ళని చూశా.

హెరాక్లియస్ 20వ ఏడు నాణెం ఒకసారి చూస్తే మర్చిపోరు, బొడ్డు దాకా గడ్డం, బారెడు మీసం, సైనిక దుస్తులు. ఆయన మనవడు రెండో కాన్‌స్టాన్స్ కాలంలో మాత్రం నాణ్యత పాతాళానికి పోయింది, బిళ్ళలు గుండ్రంగా కూడా ఉండవు, కత్తిరించిన రేకు ముక్కల్లా మూడు మూలలు, నాలుగు మూలలు, 3 నుంచి 5 గ్రాములు. చుట్టూ గ్రీకులో ఎన్ టౌటో నికా అని, దీనితో జయించు అని అర్థం, నిలబడ్డ చక్రవర్తి, పొడుగు సిలువ. ఈ కాలానికి సిరియా అరబ్బుల చేతిలోకి పోయింది, అక్కడ స్థానికంగా ఇవే బొమ్మలు చూసి కొట్టుకున్న నాణేలు కూడా తిరిగాయి, అక్షరాలు అర్థంలేని గీతలైపోయి, ఎమ్ తలకిందులై కనిపిస్తే ఆ కోవలోది కావొచ్చు అని అనుమానించండి.

ఎనిమిదో శతాబ్దం నేను త్వరగా దాటేస్తా, నాణేలు చిన్నవి, మసకవి, బొమ్మ మీద ఇద్దరు ముగ్గురు, ఎమ్ నామమాత్రంగా మిగిలింది. థియోఫిలస్, 829 నుంచి 842 దాకా పాలించినాయన, ఆ ఎమ్‌ని పీకేసి బొరుసు మొత్తం నాలుగు వరసల రాతతో నింపేశాడు, అగస్టస్ థియోఫిలస్, నువ్వు జయిస్తావు అని. అప్పట్నుంచి బొరుసు ముందు అనే నా రూల్ ఇంకా తేలికవుతుంది, ఎందుకంటే పేరే అక్కడ ఉంటుంది. ఆరో లియో నాణెం బొరుసు మీద లియోన్, దేవుడి పేరున రోమన్ల బసిలియస్, అంటే రాజు, అని హాయిగా చదువుకోవచ్చు. రోమన్ల అనే మాట చూడండి, వాళ్ళు తమని తాము బైజాంటైన్లు అని ఎప్పుడూ అనుకోలేదు, మనం పెట్టిన పేరది.

తర్వాత ఒక వింత. మొదటి జాన్ జిమిస్కెస్, 969లో వచ్చినాయన, కంచు నాణెం మీద చక్రవర్తి పేరూ బొమ్మా రెండూ తీసేసి క్రీస్తు బొమ్మ పెట్టించాడు, బొరుసు మీద యేసుక్రీస్తు రాజులకు రాజు అని నాలుగు వరసలు. 1092 దాకా ఇదే వరస, అందుకే వీటిని పేరులేని ఫాలిస్‌లు అంటారు, కలెక్టర్లు ఎ, బి, సి అని తరగతులు పెట్టారు. చక్రవర్తి పేరే లేనప్పుడు ఏది ముందు ఏది వెనక అని ఎలా తెలిసింది? మళ్ళీ ఆ ఒకదాని మీద ఒకటి కొట్టడమే దారి చూపించింది, బి తరగతి కింద ఎ తరగతి గీతలు కనిపిస్తాయి, ఎ కింద బి కనిపించదు, అలా ఒక్కో మెట్టు కట్టుకుంటూ వచ్చారు. ఎ తరగతిలో కూడా తేడాలు చూడాలంటే క్రీస్తు తల వెనక సిలువ చేతుల్లో చుక్కలెన్ని, చేతిలో పుస్తకం మీద చుక్కలు ఎలా ఉన్నాయి అని భూతద్దం పెట్టి చూడాలి. మెట్ల మీద సిలువ అయితే బి, క్రీస్తు నిలబడి ఉంటే సి, కూర్చుంటే డి, వెనక చేతులెత్తి ప్రార్థించే మేరీ ఉంటే జి, ఇవి గుర్తుంటే సగం డబ్బా సర్దేయొచ్చు.

1092లో అలెక్సియస్ కొమ్నెనస్ మొత్తం పాతది ఊడ్చేసి కొత్త నాణేలు తెచ్చాడు. చిన్నగా, చదునుగా, 4 గ్రాముల దరిదాపుల్లో ఉండే రాగిది టెటార్టెరాన్. గిన్నెలా వంగి ఉండేది ట్రాచీ, ఇది రాగిలో కొద్దిగా వెండి కలిసిన బిల్లన్, కాలం గడిచేకొద్దీ వెండి ఆవిరైపోయింది. గిన్నె బయటి ఉబ్బు వైపు క్రీస్తో మేరీయో, లోపలి గుంట వైపు చక్రవర్తి. వంపు బిళ్ళ మీద అచ్చు ఒక దెబ్బతో పూర్తిగా పడదు, ఎడమకి ఒకటి కుడికి ఒకటి అని రెండు దెబ్బలు కొట్టేవాళ్ళు, అందుకే మధ్యలో మొహం మాయమై రెండు పక్కలా మాత్రం బాగుంటుంది, అది అరుగుదల కాదు. చక్రవర్తి పక్కన ఇంకొకరు నిలబడి ఇద్దరూ కలిసి ఒక సిలువ గోళం పట్టుకుంటే, ఆ రెండోవారు సెయింట్ కాన్‌స్టాంటైన్ అయితే అది మూడో అలెక్సియస్. 1204లో క్రూసేడర్లు రాజధానిని దోచుకున్నాక వచ్చిన నకళ్ళు చిన్నవి, మోటువి, వాటిలోకి ఇప్పుడు దిగను.

నకిలీల గురించి ఒక మాట. ఇవన్నీ సుత్తితో కొట్టిన నాణేలు, పోతపోసినవి కావు, కాబట్టి అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొనంత బుడగల గుంటలు, సబ్బులా మెత్తబడ్డ అక్షరాలు కనిపిస్తే అనుమానం. బిళ్ళ ఆకారం ఏ రెండిటికీ ఒకేలా ఉండదు, అచ్చం ఒకే పగులు, ఒకే వంకర ఉన్న కవల నాణేలు రెండు చోట్ల అమ్మకానికి కనిపిస్తే రెండూ పోతవే. ఒక్క మినహాయింపు చెర్సన్, క్రిమియాలో ఆ ఊరు తొమ్మిది, పది శతాబ్దాల్లో నిజంగానే పోత నాణేలు వేసింది, కాబట్టి అతుకు చూసి వాటిని విసిరేయకండి. ఇంకో మోసం ఇసుక పూత, ఎడారిలో దొరికినట్టు నారింజ రంగు ఇసుకని జిగురుతో అద్ది అక్షరాలు ఎత్తి చూపిస్తారు, అసిటోన్‌లో కాసేపు ఉంచితే జిగురు కరిగి ఇసుక రాలుతుంది, నిజమైన మట్టి అయితే ఎక్కడికీ పోదు.

శుభ్రం చేసే విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఒక రెండో జస్టిన్ ఫాలిస్, ముదురు ఆకుపచ్చ చిలుముతో ఎంత బాగుండేదో, మెరిపిద్దామని నిమ్మరసంలో వేశా, గంటకి తీస్తే గులాబీ రంగు పచ్చి రాగి, అక్షరాల అంచులన్నీ తినేసింది. ఆ చిలుము పొరలోనే వివరాలన్నీ ఉంటాయి, పొర పోతే వివరం పోయినట్టే. డిస్టిల్డ్ వాటర్‌లో రోజుల తరబడి నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, వెదురు పుల్లతో మట్టి గీకండి, అంతకు మించి వద్దు.

అయితే ఒక రకం పచ్చదనాన్ని మాత్రం ఉపేక్షించకూడదు. గట్టిగా, నున్నగా ఉన్న పచ్చ మంచిది, లేత పచ్చగా పొడిపొడిగా, గోటితో గీస్తే పిండిలా రాలేది కంచు తెగులు. లోహంలో చేరిన క్లోరైడు గాలిలో తేమతో కలిసి లోపల్నుంచి తింటూ పోతుంది, ఒకసారి రాలినచోట గుంట పడుతుంది. కనపడగానే దాన్ని వేరే డబ్బాలోకి మార్చండి, పొడి మొత్తం పుల్లతో తీసేయండి, సోడియం సెస్క్వీకార్బొనేట్ ద్రావణంలో వారాల తరబడి ఉంచి ద్రావణం మారుస్తూ ఉండండి, తర్వాత డిస్టిల్డ్ వాటర్, తర్వాత పూర్తిగా ఆరబెట్టడం. తెగులు ఆపడానికి బెంజోట్రయజోల్ అనే రసాయనం వాడేవాళ్ళున్నారు, అది ఒంటికి మంచిది కాదు, గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి. తర్వాత సిలికా జెల్ వేసిన మూత బిగుసైన డబ్బాలో తేమ 40 శాతం లోపు ఉండేలా చూస్కోండి, నెలకోసారి తీసి చూడండి. మెత్తటి పీవీసీ కవర్లలో అస్సలు పెట్టకండి, వాటినుంచి వచ్చే జిడ్డే నాణేన్ని పచ్చగా కుళ్ళబెడుతుంది.

కొనేముందు ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. టర్కీలో 1983 నాటి 2863 నంబర్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన పురాతన వస్తువు ప్రభుత్వానిదే, అక్కడినుంచి ఒక్క నాణెం జేబులో వేసుకుని వచ్చినా నేరమే, టూరిస్టులు చిక్కుకునేది ఇక్కడే. పాత కలెక్షన్ నుంచి వచ్చిందనే బిల్లు, పాత కవరు ఏదైనా ఉంటే నాణెంతో పాటే దాచండి, చింపేయకండి.

అన్నీ అయ్యాక ఒక చిన్న కార్డు రాసుకోండి. నాది ఇలా ఉంటుంది, జస్టినియన్, ఫాలిస్, నికోమీడియా, ఒకటో విభాగం, 13వ ఏడు, 539-540, బరువు ఇంత, వ్యాసం ఇంత, కొన్న తేదీ, కింద డేవిడ్ సియర్ కేటలాగ్ నంబర్. కేటలాగ్ నంబర్ ఆఖర్న వెతకండి, ముందే వెతికితే ఫోటోలో ఉన్నదే మన నాణెం మీద కూడా కనిపిస్తున్నట్టు అనిపిస్తుంది, కళ్ళు అలా మోసం చేస్తాయి. చదవలేని అక్షరం చోట చుక్కలు పెట్టి వదిలేయండి, ఊహించి నింపొద్దు. నా డబ్బాలో చుక్కలున్న కార్డులు ఇప్పటికీ ఇరవై దాకా ఉన్నాయి, ఎప్పుడైనా పొద్దుపోకపోతే టార్చ్ తీసుకుని వాటితోనే కూర్చుంటా.